అద్దుడు కాగితం

మా ఇంట్లో సుప్రభాతం కంటే ముందు వినిపించేది కాఫీ ఫిల్టరు మీద గరిటె కాడ చప్పుడు. డికాక్షన్ దిగనని మొండికేసినప్పుడు పై గిన్నెని రెండు పక్కలా టకటకా తట్టాలి. మరీ బిగుసుకుపోతే పిన్నీసుతో చిల్లులు పొడవాలి. అంతా అయ్యాక గ్లాసు అడుగున ఓ చెంచాడు మడ్డి తేలుతుంది. "ఏమిటోయ్, కాఫీలో ఇసుక పోశావా?" అని పేపరు వెనకనుంచి ఓ గొంతు. ఈ మాట వినని ఇల్లాలు మన దేశంలో ఉండదేమో. మనమైతే ఏం చేస్తాం? "రేపణ్ణించి మీరే పెట్టుకోండి" అంటాం. ఆ రేపు ఎప్పటికీ రాదు లెండి.

ఈ మడ్డి గొడవ భరించలేక ఒకావిడ సుత్తీ మేకూ పట్టుకుంది. అక్కడితో ఆగితే నేనీ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఆ చిల్లుల గిన్నెని పక్కింటివాళ్ళకి చూపించి మురిసిపోయి ఊరుకోకుండా, ఆవిడ దాన్ని సర్కారువారి రిజిస్టరులోకి ఎక్కించింది. అదీ వెంటనే. నన్ను ఆకట్టుకున్నది సుత్తి కాదు, ఆ తొందర.

ఆవిడ పేరు మెలిట్టా బెంట్స్. జర్మనీలో, ఎల్బే నది ఒడ్డున ఉన్న డ్రెస్డెన్ పట్టణంలో 1873 జనవరి 31న పుట్టింది. ఆయన హ్యూగో బెంట్స్, ఓ పెద్ద దుకాణంలో ఉద్యోగి. 1908 నాటికి ఆవిడకి ముప్ఫై అయిదేళ్ళు. ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు విల్లీ, తొమ్మిదేళ్ళవాడు. రెండోవాడు హార్స్ట్, నాలుగేళ్ళవాడు. మనలాంటి సంసారమే. అద్దె వాటా, పిల్లల చదువులు, నెలాఖరు లెక్కలు.

అప్పట్లో అక్కడ కాఫీ పెట్టుకునే పద్ధతులు తల్చుకుంటే మన ఫిల్టరే నయమనిపిస్తుంది. కొందరు పొడిని నీళ్ళలో వేసి మరగబెట్టి, మడ్డి అడుక్కి దిగేదాకా కూచునేవారు. కొందరు గుడ్డ సంచిలో వడగట్టేవారు. ఆ గుడ్డ రెండు రోజులకే నల్లబడి, మూడో రోజుకి వాసనేసి, నాలుగో రోజు కాఫీకి నిన్నటి కాఫీ రుచి అంటగట్టేది. ఉతికి ఆరేసే పని సరేసరి. పింగాణీ జల్లెళ్ళూ లోహపు జల్లెళ్ళూ ఉండేవి గాని, వాటి చిల్లుల్లోంచి సన్నపొడి హాయిగా జారిపోయేది. ఎలా చేసినా గ్లాసులో మడ్డి, నాలిక మీద చేదు. ఆ చేదంతా కాఫీ గింజ తప్పు కాదండి. పొడి నీళ్ళలో ఎంతసేపు నానితే అంత వగరూ చేదూ దిగుతాయి. గ్లాసులోకి వచ్చి పడిన సన్నపొడి, మనం తాగుతున్నంతసేపూ అక్కడ నానుతూనే ఉంటుంది. అందుకే చివరి గుక్క అంత విషంలా ఉంటుంది.

మెలిట్టా ఏం చేసిందంటే, ఓ ఇత్తడి గిన్నె తీసుకుని అడుగున మేకుతో చిల్లులు కొట్టింది. పెద్దవాడి నోటు పుస్తకంలోంచి అద్దుడు కాగితం లాగింది. మన చిన్నప్పుడు సిరా బుడ్డి ఒలికితే అద్దేవాళ్ళమే, గులాబి రంగు బ్లాటింగు కాగితం, అదన్నమాట. దాన్ని గుండ్రంగా కత్తిరించి గిన్నె అడుగున పరిచింది. పైన పొడి వేసి, కాగే నీళ్ళు పోసింది. కిందికి చుక్కచుక్కగా దిగినది తేటగా, మడ్డి లేకుండా ఉంది. తాగేశాక ఆ కాగితాన్ని పొడితో సహా ఎత్తి చెత్తబుట్టలో పారేస్తే సరి. ఉతకడాల్లేవు, పిన్నీసులూ లేవు. బళ్ళో విల్లీని మాస్టారు అద్దుడు కాగితం ఏదిరా అని అడిగితే ఏం చెప్పాడో మాత్రం చరిత్రకెక్కలేదు.

ఇంతవరకూ చాలామంది చెబుతారు. నాకు ముచ్చటనిపించేది తరవాత భాగం.

ఆ కాలంలో జర్మనీలో పేటెంటు కావాలంటే బెర్లిన్‌లో కైజరు చక్రవర్తి పేర నడిచే పేటెంటు ఆఫీసుకి దరఖాస్తు పెట్టాలి. 1877 నాటి చట్టం ప్రకారం అక్కడి పరీక్షకులు, ఇది నిజంగా కొత్తదేనా, అంతకుముందు ఎవరూ చెయ్యలేదా, ఇందులో కనిపెట్టడమంటూ ఏమన్నా ఉందా అని పాత పుస్తకాలూ పాత పేటెంట్లూ అన్నీ తిరగేస్తారు. ప్రశ్నలు వేస్తారు. జవాబులు రాయాలి. మళ్ళీ ప్రశ్నలు. అన్నట్టు సరిగ్గా ఆ 1908లోనే పక్క దేశం స్విట్జర్లాండులో, బెర్న్ నగరం పేటెంటు ఆఫీసులో ఇలాంటి దరఖాస్తులే పరిశీలిస్తూ ఓ కుర్రాడు కూచుని ఉన్నాడు. పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్. అంతటివాళ్ళు కూచుని చూసేవంటే ఆషామాషీ వ్యవహారం కాదని అర్థమవుతుంది కదా.

అయితే పెద్ద దర్వాజా పక్కన ఓ చిన్న తలుపు కూడా ఉంది. 1891లో జర్మన్లు ఇంకో చట్టం చేశారు. పనిముట్లూ వంటింటి సామాన్లూ లాంటి నిత్యం వాడుకునే వస్తువుల్లో ఎవరన్నా కొత్త అమరిక చేస్తే, దానికంత శోధన అక్కర్లేదు, దరఖాస్తు సరిగ్గా ఉంటే చాలు, రిజిస్టరులో రాసేసుకుంటాం అన్నారు. దీనికి వాళ్ళు పెట్టిన పేరు గెబ్రౌఖ్స్‌ముస్టర్. ఆవకాయన్నం పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని పలికితే సరిగ్గా వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు యుటిలిటీ మోడల్ అంటారు. 'చిన్న పేటెంటు' అందాం మనం.

చిన్నదంటే అన్నిట్లోనూ చిన్నదే. పెద్ద పేటెంటు పదిహేనేళ్ళు కాపాడితే, ఇది మూడేళ్ళు. మళ్ళీ సొమ్ము కడితే ఇంకో మూడేళ్ళు. అంతే. పైగా పరీక్షించి ఇచ్చింది కాదు కాబట్టి రేపెవడో కోర్టుకెక్కి, ఇది కొత్తదేం కాదు, మా తాతల నాడే ఉందంటే, అప్పుడు తేల్చుకోవాలి. కాని తొందరగా చేతికొస్తుంది. రిజిస్టరయిన మర్నాడు అవే చిల్లులు కొట్టి అమ్మబోయినవాణ్ణి, "ఆగవయ్యా, ఇది నాది" అనడానికి ఓ కాగితం ఉంటుంది.

మెలిట్టా ఆ చిన్న తలుపు తట్టింది. 1908 జూన్ 20న ఆవిడ కాఫీ ఫిల్టరు బెర్లిన్ రిజిస్టరులో చేరింది. దరఖాస్తులో ఆవిడ, మడ్డి లేని కాఫీ వచ్చే గొప్ప సాధనమని గొప్పలు పోలేదు. వడపోత కాగితం పరిచే గిన్నె, దాని అడుగు ఎలా వంపు తిరిగి ఉంటుందో, చిల్లులు ఎలా ఏటవాలుగా ఉంటాయో, అదీ చెప్పింది. ఇది చాలా తెలివైన పని. మడ్డి లేని కాఫీ అన్నది కోరిక. కోరికకి పేటెంటు ఇవ్వరు. గిన్నె అడుగు వంపుకి ఇస్తారు. చూసి కొలిచి, ఇంకోదానితో పోల్చి చెప్పగలిగింది ఏదో అది మాత్రమే చట్టానికి కనిపిస్తుంది.

ఆ రోజుల్లో జర్మనీలో ఆడవాళ్ళకి ఓటు లేదని గుర్తుంచుకోవాలి. అది 1918 నవంబరులో గాని రాలేదు. ఓటు లేని ఇల్లాలికి కైజరు ఆఫీసు రిజిస్టరులో ఓ వరస దొరికింది.

ఆ ఏడు డిసెంబరు 15న డ్రెస్డెన్‌లోనే 'ఎం. బెంట్స్' అని వ్యాపారం రిజిస్టరు చేయించింది. మూలధనం 73 ప్ఫెన్నిగులు. ప్ఫెన్నిగంటే మార్కులో నూరో వంతు. అంటే రూపాయికి నూరు పైసల లెక్కన చూస్తే ముప్పావలా కూడా నిండని డబ్బు. కార్ఖానా అంటారా, ఉంటున్న వాటాలోనే ఓ గది. గిన్నెలు చెయ్యడానికి ఓ రేకుల పనివాణ్ణి కుదుర్చుకున్నారు. హ్యూగో కాఫీ కాచి చూపిస్తూ దుకాణాల వెంట తిరిగాడు. పిల్లలిద్దరూ చేతిబండి లాక్కుంటూ ఇళ్ళకి సరుకు చేరవేశారు. 1909లో లైప్‌జిగ్ సంతలో పన్నెండు వందల ఫిల్టర్లు అమ్ముడుపోయాయి. లైప్‌జిగ్ సంతంటే యూరపు వర్తకులంతా వచ్చి పడే చోటు. కాగితం లేకుండా ఆ సంతలో బల్ల వేసి ఉంటే వచ్చే ఏటి సంతకి ఇరవై బల్లల మీద అదే గిన్నె కనిపించేదని ఎవరైనా చెప్పగలరు.

ఇక్కడ మా పెద్దమ్మ సంగతి చెప్పకుండా ఉండలేను.

మా పెద్దమ్మ చదువు అయిదో తరగతి. కాని గిన్నెల విషయంలో ఆవిడ ఇంజనీరు. ఫిల్టరులో డికాక్షన్ దిగేసరికి చల్లారిపోతోందని, పెదనాన్నగారికి కాఫీ పొగలు కక్కకపోతే కోపమని, ఓ ఉపాయం చేసింది. ఫిల్టరు కింద గిన్నె చుట్టూ రెండు వేళ్ళ ఎడంతో ఇంకో గిన్నె అతికించి, ఆ సందులో వేడినీళ్ళు పోసేలా, పక్కన చిన్న మూతి పెట్టించింది. డికాక్షన్ గంటసేపు వేడిగా ఉండేది. బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. చేయించింది బజార్లో ఓ పాత్రల కొట్టాయన దగ్గర. సున్నపురాయితో కొట్టు గచ్చు మీద గీసి మరీ చూపించింది. ఆయన, "భలే బుర్రమ్మా మీది" అని మెచ్చుకుని కూలి కూడా తగ్గించుకున్నాడు. మా పెద్దమ్మ ఆ తగ్గింపు గురించి నెల్లాళ్ళు చెప్పుకుంది.

ఆ సంక్రాంతికి కొట్టు ముందు అవే ఫిల్టర్లు దండలు కట్టి వేలాడదీశాడు. మూతి మీద తన కొట్టు పేరు చెక్కించాడు. చుట్టుపక్కల మూడు ఊళ్ళకి వెళ్ళాయి. మా అక్క పెళ్ళికి సారెలో ఫిల్టరు పెట్టాల్సొస్తే, మా పెద్దమ్మ వెళ్ళి తన ఫిల్టరుని తనే డబ్బిచ్చి కొనుక్కొచ్చింది. ఈసారి కూలి తగ్గించలేదు కూడానూ. "పోనిద్దూ, నలుగురూ వేడి కాఫీ తాగుతున్నారు" అనేది అడిగితే. కాని ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే అవతలి పక్కన నడిచేది. అది నేను చాలాసార్లు చూశాను.

ఆయన్ని దొంగ అనడానికి వీల్లేదు. చట్టం ప్రకారం ఆయనేం తప్పు చెయ్యలేదు. గచ్చు మీద గీసిన బొమ్మకి యజమాని ఉండడు.

పోనీ కాగితం ఉంటే చాలా అంటే, అదీ కాదు. కాఫీ చరిత్రలోనే దానికి సాక్షులున్నారు. ఇటలీలో టూరిన్ నగరంలో ఆంజెలో మోరియోండో అని ఓ హోటలు యజమాని. ఆవిరితో చకచకా కాఫీ తీసే యంత్రం చేసి 1884లో పేటెంటు పుచ్చుకున్నాడు. అదే ఏడు టూరిన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో చూపించి పతకం కూడా సంపాదించాడు. కాని దాన్ని తన హోటలుకే అట్టేపెట్టుకున్నాడు. చేయించినవి ఏ కొన్నో, అవీ తన కొట్లలో పెట్టుకోడానికే. మా కొట్టుకి వస్తేనే ఆ కాఫీ దొరకాలని ఆయన పట్టుదల. కాగితం గడువు తీరిపోయింది, మనుషులు ఆయన్నే మర్చిపోయారు. తరవాత 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జేరా ఒక్కో కప్పు విడివిడిగా తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయనకి బుర్ర ఉంది, కాగితం ఉంది, చేతిలో డబ్బు లేదు. 1903లో హక్కుల్ని డెసిడేరియో పవోని కొనుక్కున్నాడు. ఎస్ప్రెసో యంత్రం ఊరూరా పవోని పేరు మీదే తిరిగింది. అంతకు చాలా ముందే ఫ్రాన్సులో, లియోన్ నగరపు మదాం వాస్యూ అనే ఆవిడ గాజు బుడగలతో కాఫీ కాచే అందమైన సాధనానికి 1842లో పేటెంటు తీసుకుంది. మెలిట్టాకి అరవై ఏళ్ళ పైగా ముందు! ఆవిడ పేరు చెబితే ఇవాళ కాఫీ వ్యాపారులక్కూడా తెలియదు.

మెలిట్టాకి దక్కింది ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ ఆవిడ ఖాళీగా కూచోలేదు. అందుకే 1914లో యుద్ధం వచ్చి పడినా, ఓ పేరంటూ నిలబడింది. యుద్ధం మాత్రం మామూలు దెబ్బ కొట్టలేదు. హ్యూగోని సైన్యంలోకి తీసుకుని రుమేనియా పంపారు. లోహమంతా యుద్ధానికే. కాగితానికి రేషను. బ్రిటిష్‌వాళ్ళు సముద్రం మీద దారులు మూసెయ్యడంతో కాఫీ గింజే దేశంలోకి రావడం మానేసింది. గిన్నె చెయ్యడానికి రేకు లేదు, పరవడానికి కాగితం లేదు, వెయ్యడానికి పొడి లేదు. ఆవిడ అట్టపెట్టెలు అమ్మి సంసారం ఈదింది. అప్పటికి 1911లో పుట్టిన ఆడపిల్ల హెర్టా కూడా ఉంది.

యుద్ధం అయ్యాక వ్యాపారం మళ్ళీ చిగిర్చింది. అప్పుడు వచ్చారు అనుకరించేవాళ్ళు. చిన్న పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది కనక ఎవరూ వాళ్ళని ఆపలేరు. ఇక ఆవిడ చేతిలో మిగిలింది పేరూ రంగూ. 1925 నుంచి ఎరుపూ ఆకుపచ్చా కలిపిన పెట్టెలో అమ్మడం మొదలుపెట్టారు. కొట్లో అరమీద చూడగానే ఇల్లాళ్ళు గుర్తుపట్టేలాగ. మనం సబ్బుబిళ్ళని పేరు చదివి కొంటామా, రంగు చూసి కొంటాం గాని! 1929లో మిండెన్ అనే ఊళ్ళో మూతపడిన ఓ చాక్లెట్ కార్ఖానా దొరికితే అక్కడికి తరలిపోయారు. 1930ల్లో గుండ్రటి గిన్నె పోయి, ఇవాళ మనం చూసే గరాటులాంటి ఫిల్టరూ, దానికి సరిపడే కాగితం సంచీ వచ్చాయి. వాటికి మళ్ళీ కొత్త కాగితాలు రాయించుకున్నారు. గడువు తీరుతుందని తెలిసినవాళ్ళు చేసే పని అది.

పనివాళ్ళ సంగతిలో కూడా ఆవిడ చెయ్యి ధారాళం. 1932 నాటికే అక్కడ వారానికి అయిదు రోజుల పని, ఏడాదికి ఆరు రోజులుండే సెలవులు పదిహేనుకి పెంచారు, క్రిస్మసుకి బోనసు. అదే ఏడు వ్యాపారంలో సింహభాగం కొడుకుల చేతికిచ్చింది. తరవాత నాజీల కాలం వచ్చింది. కొడుకుల చేతిలో కంపెనీ ఆ సర్కారుతో అంటకాగిన మాట నిజమే. అది ముచ్చటైన అధ్యాయం కాదు. రెండో యుద్ధంలో ఆవిడ పుట్టిన డ్రెస్డెన్ 1945 ఫిబ్రవరి బాంబులకి బూడిదయింది. మెలిట్టా 1950 జూన్ 29న పోయింది. ఆ పేరుతో కంపెనీ ఇవాళ్టికీ మిండెన్‌లో ఉంది, వారసుల చేతిలోనే. ఆ అద్దుడు కాగితానికి ఇంకో గుణం ఉందని తరవాత తేలింది. గింజలోని కొవ్వు నూనెల్లో కొలెస్టరాలు పెంచేవి కొన్నుంటాయి. వాటిని లోహపు జల్లెడ వదిలేస్తుంది, కాగితం చాలామటుకు పట్టేసుకుంటుంది. మెలిట్టాకి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. ఆవిడ చూసుకున్నది రుచి.

మన దేశంలో పేటెంటు కొత్త ముచ్చటేం కాదు. 1856లో కుంపిణీ సర్కారు చట్టం చెయ్యగానే కలకత్తాలో మొట్టమొదటి దరఖాస్తు పెట్టినాయన జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే ఇంజనీరు. దేనికనుకున్నారు? పంఖా లాగే యంత్రానికి! దొరలకి ఉక్కపోత, లాగే కూలీకి కునుకు. దాంతో యంత్రం పుట్టింది. ఇప్పుడున్నది 1970 నాటి చట్టం, మధ్యలో చాలాసార్లు మార్చినది. పేటెంటు గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇరవై ఏళ్ళు. మన తెలుగు రాష్ట్రాల వాళ్ళకి పేటెంటు ఆఫీసు చెన్నైలో ఉంది. దరఖాస్తు మాత్రం ఇంట్లో కూచుని కంప్యూటరులో పెట్టుకోవచ్చు.

జర్మనీవాళ్ళ చిన్న తలుపు మనకి లేదు. రూపం రిజిస్టరు చేసుకోవచ్చు గాని, డిజైను హక్కు గిన్నె అందానికే, పనితీరుకి కాదు. మా పెద్దమ్మ వేడినీళ్ళ సందుని అది కాపాడదు. పనితీరుకి కావలసింది పేటెంటే. అది మామూలు వరసలో వస్తే, దరఖాస్తు ప్రచురించడానికే పద్ధెనిమిది నెలలు. ముందుగా ప్రచురించమని వేరే ఫారం పెడితే తొందరపడతారు. పరీక్ష కూడా అందరికంటే ముందు చేయించుకునే వరస ఒకటుంది. దానికి కొందరే అర్హులు. 2019 సెప్టెంబరు నుంచి ఆ కొందరిలో ఆడవాళ్ళు చేరారు. దరఖాస్తుదారులంతా కంపెనీలు కాక మనుషులే అయితే, వాళ్ళలో ఒక్క ఆడమనిషి ఉన్నా చాలు. ఈ సంగతి ఎంతమందికి తెలుసో గాని, నాకైతే మా అక్క కూతురు పుణ్యమాని తెలిసింది.

ఆ పిల్ల ఇంజనీరింగు చదివింది. ఈమధ్య టీ కాచుకునేందుకు ఓ సాధనం చేసింది. ఏమిటి ఎలా అని ఇక్కడ రాయను. రాస్తే ఇదే ప్రచురణ అయి కూచుంటుంది, దాని పేటెంటుకి నేనే అడ్డం పడ్డట్టవుతుంది. నేను తమాషాకి అనడం లేదు, చట్టం అలాగే ఉంది. మన దగ్గర నలుగురికీ తెలిసిపోయిన దానికి పేటెంటు ఇవ్వరు. చెప్పింది ఇంకొకరా, కనిపెట్టినవాళ్ళేనా అని చూడరు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప. మా పిల్లేమో ఆ పూటే ఫోనులో వీడియో తీసి లోకానికంతా చూపించబోయింది. నేను ఫోను లాక్కున్నంత పని చేశాను.

"అదేంటి పిన్నీ, అందరూ చూస్తే మంచిదేగా?"

"మీ అమ్మమ్మ కూడా అలాగే అనుకుందే."

తరవాత ఇద్దరం కూచుని ఓ పేటెంటు ఏజెంటుతో మాట్లాడాం. ఆయన మొదట చెప్పింది, పూర్తి వివరాలు సిద్ధం కాకపోయినా తాత్కాలిక దరఖాస్తు పెట్టెయ్యమని. ఆ తేదీ నుంచి పన్నెండు నెలల్లోగా పూర్తి దరఖాస్తు పెట్టుకోవచ్చు, తేదీ మాత్రం మొదటిదే నిలబడుతుంది. కాకపోతే అందులో చెప్పినంతవరకే నిలబడుతుంది కాబట్టి, తాత్కాలికం కదా అని నాలుగు ముక్కలు గీకి పారెయ్యకూడదన్నాడు. వీడియోలూ ప్రదర్శనలూ అన్నీ ఆ రసీదు చేతికొచ్చాకే. వ్యక్తులకి ఫీజు పెద్ద కంపెనీలకి వేసే దాంట్లో చిన్న వంతేనట. ముందు వరసలోకి వెళ్ళే ఫీజు మామూలు పరీక్షకంటే ఎక్కువన్నాడు. అయినా నా కూతురి పెళ్ళికి మేళాలకి ఇచ్చినదానికంటే తక్కువే అనుకోండి. తొందర తొందర అని పనిని మాత్రం తొందరపెట్టద్దని కూడా అన్నాడు. దరఖాస్తులో, సులభంగా టీ కాస్తుంది అని రాస్తే లాభం లేదు, ఏ భాగం ఎక్కడ ఏ వాలున ఉందో రాయమన్నాడు. నాకు మెలిట్టా చిల్లులు గుర్తొచ్చాయి.

పిల్ల బొమ్మలు గీయడానికి కూచుంది. గీస్తూ గీస్తూ ఆగి, "పిన్నీ, అమ్మమ్మ ఫిల్టరుకి కూడా పెడదామా? ఆవిడ పేరు మీదే" అంది. ఏజెంటుకి ఫోను చేసి అడిగాం. ఆయన నవ్వలేదు, పాపం. అది ఎప్పటినుంచి కొట్లలో దొరుకుతోందని అడిగాడు. మా అక్క పెళ్ళినాటి నుంచి లెక్కవేసి చెప్పాను. అయితే వీలుకాదండీ అన్నాడు.

ఆ ఫిల్టరు మా అక్క వాళ్ళింట్లో అటక మీద ఉంది. మొన్న దింపించి చూశాం. మూతి మీద కొట్టువాడి పేరు ఇంకా చెరగలేదు. పిల్ల దాన్ని చింతపండు పెట్టి తోమి, కాఫీ కలిపి ఇచ్చింది. వేడిగానే ఉంది. అడుగున కాస్త మడ్డి.